మేడి లేని నాగలికి మూడు చక్రాలు

ఎడ్లతో దున్నే రైతుకు కొలబద్ద అక్కర్లేదు. మేడి మీద చెయ్యి ఉంటే చాలు... కర్రు ఎంత దిగిందో ఆ చేతికే తెలిసిపోతుంది. మరి నాగలిని ట్రాక్టరుకు తగిలించి, రైతును ముందు సీట్లో కూర్చోబెడితే? మేడి పట్టేదెవరు!

గత శతాబ్దం తొలినాళ్లలో అమెరికా రైతులకు ఎదురైన ప్రశ్న ఇది. అందుకు జాన్ డీర్, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, ఆలివర్ లాంటి కంపెనీలు చూపించిన జవాబు... మూడు ఇనుప చక్రాలు. ఆ రోజుల్లో నాగలి ట్రాక్టరు మీద వేలాడేది కాదు. ఒక్క కొక్కేనికి తగిలించుకుని వెనకాల బండిలా వచ్చేది. దాని బరువు, లోతు, నడక అన్నీ ఆ చక్రాల మీదే.

మూడూ మూడు దారులు

చూడ్డానికి మామూలు చక్రాలే. కానీ ఏ రెండిటి పనీ ఒకటి కాదు. ఎడమవైపుది ఇంకా దున్నని నేల మీద నడుస్తుంది. కుడివైపు ముందున్నది అంతకు ముందు దున్నిన సాలులో దొర్లుతుంది. వెనకదేమో అప్పుడే తెగిన సాలులో, కాస్త ఒరిగి వస్తుంది. మట్టిని కుడివైపు తిరగేసేటప్పుడు నాగలి మీద ఎడమకు తోపుడు పడుతుంది. సాలు గోడకు నాగలి ఒరుసుకోకుండా ఆ తోపుడును కాసేది ఈ వెనక చక్రమే.

ఎడమ చక్రానికి ఇంకో పనీ ఉంది. సాలు చివర రైతు సీట్లోంచే తాడు లాగితే చక్రంలోని క్లచ్ పడుతుంది. దొర్లే చక్రం బలంతోనే నాగలి పైకి లేస్తుంది. అందుకే చాలా నాగళ్లకు ఆ చక్రం జారకుండా ఇనుప పళ్లుండేవి.

చెక్క దిమ్మె లెక్క

అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఈ పాత నాగళ్లను బాగుచేసి పోటీల్లో దున్నేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు పెద్ద తలనొప్పి చక్రాలే. అసలుది తుప్పు పట్టిందని దొరికిన చక్రం బిగిస్తే నాగలి మొండికేస్తుంది. చక్రం వ్యాసం 2 అంగుళాలు తగ్గితే ఇరుసు ఒక అంగుళం కిందికొస్తుంది. లీవరుతో సరిచేయకపోతే నాగలి ఆ వైపు అంతే దిగిపోతుంది. అప్పుడు ఒక కర్రు లోతుగా, రెండోది పైపైన! ఎడమ చక్రం పెద్దదైతే నాగలి పైకి లేచేలోపు మరింత దూరం వెళ్లిపోతుంది. గట్టు దగ్గర సాళ్లన్నీ వంకరటింకరే.

సరిచూసుకునే పద్ధతి మాత్రం భలే తేలిక. నాగలిని చదునైన గచ్చు మీద నిలబెడతారు. 6 అంగుళాల లోతు కావాలంటే ఎడమ చక్రం కింద 6 అంగుళాల చెక్క దిమ్మె పెడతారు. మిగతా రెండు చక్రాలూ గచ్చు మీదే. కర్రులు రెండూ నేలను తాకేదాకా లీవర్లు తిప్పుతారు. పొలంలో మొదటి సాలుకు మాత్రం ఈ లెక్క కుదరదు. కుడి చక్రం దిగడానికి అప్పటికి సాలే ఉండదుగా! ఆ ఒక్కసారికీ దాన్ని పైకెత్తి, రెండో సాలులో మళ్లీ దించుతారు.

చక్రాలు పోయాయి

లోతు సంగతి చక్రాలు చూసుకున్నా, ప్రమాదం మాత్రం మిగిలింది. నాగలి రాయికో వేరుకో తట్టుకుంటే తేలికపాటి ట్రాక్టరు ముందు భాగం గాల్లోకి లేచి వెనక్కి తిరగబడేది. కింద పడి నలిగిపోయింది రైతే. ఐర్లాండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గుసన్ ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది దీనితోనే. నాగలిని మూడు చోట్ల ట్రాక్టరుకే బిగించి, లోతును హైడ్రాలిక్స్‌కు అప్పగించాడు. నాగలి బరువు ట్రాక్టరు వెనక చక్రాల మీద పడటంతో పట్టూ పెరిగింది. 1936లో ఫెర్గుసన్-బ్రౌన్, 1939లో ఫోర్డ్ 9ఎన్ ఆ ఏర్పాటుతోనే వచ్చాయి. ఇక నాగలికి ఆ మూడు చక్రాల అవసరం తీరిపోయింది.

చెన్నైలో 1960లో మొదలైన టాఫే, మాసీ ఫెర్గుసన్ ట్రాక్టర్లను మన పొలాలకు తెచ్చింది. ఇవాళ ఏ ఊళ్లో ట్రాక్టరు వెనక చూసినా ఆ మూడు బిగింపులే. డ్రైవరు సీటు పక్కనుండే చిన్న లీవరును ముందుకీ వెనక్కీ జరుపుతుంటాడు. అదే ఇప్పటి మేడి!