‘ఉస్కో’ ఒక్కటే నేర్పితే చాలదు

మన మొగల్తూరు మండలంలో పేరుపాలెం, ముత్యాలపల్లి, కాళీపట్నం ఎటు వెళ్ళినా కుక్క కాపలా మామూలే. రొయ్యల చెరువు మకాం దగ్గర ఒకటి, కొబ్బరితోటలో ఒకటి, కళ్ళంలో ధాన్యం రాశి పక్కన ఒకటి. ‘దీనికి ఏం నేర్పారండీ?’ అని అడిగి చూడండి, నవ్వేస్తారు. కుక్కకి నేర్పేదేముంటుంది? ‘ఉస్కో’ అంటే ఉరుకుతుంది, అంతే కదా!

రైతు సోదరులారా, చిక్కంతా అక్కడే ఉంది. ఉరకమనడం నేర్పాం, ఆగమనడం నేర్పలేదు. ముకుతాడు లేని ఎద్దుని బండికి కట్టినట్టే ఇది. గట్టు మీద పోయే బడిపిల్లాడి మీదకో, పక్కవాళ్ళ బాతుల మీదకో కుక్క ఉరికితే వెనక్కి పిలిచే మాట మన దగ్గర లేదు. కరిస్తే ఆ కుటుంబం టీకాల కోసం ఆసుపత్రి చుట్టూ తిరగాలి, పని పోగొట్టుకోవాలి. తగువు మన గుమ్మంలోకి వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

‘అందుకే గొలుసుతో కట్టేశామండీ’ అనేవారూ ఉన్నారు. పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేస్తే కుక్క మరింత కోపిష్టిది అవుతుంది. అలా కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని కాస్త తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

నేర్పడానికి డబ్బు ఖర్చు లేదు. అల్సేషియన్ కొననక్కర్లేదు, మన ఊరకుక్క చక్కగా నేర్చుకుంటుంది. రెండు నెలల పిల్ల నుంచే మొదలుపెట్టవచ్చు. పెద్దదైనా నేర్చుకుంటుంది, కాకపోతే ఓపిక కాస్త ఎక్కువ కావాలి. అన్నం పెట్టే ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, రోజుకి రెండు మూడు సార్లు ఐదేసి నిమిషాలు చాలు. ఉడికిన గుడ్డు ముక్కలు చిన్నవి చేతిలో ఉంచుకోండి.

‘కూర్చో’: ముక్కని దాని ముక్కు దగ్గర పెట్టి మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకెత్తితే నడుము దానంతటదే కిందకి దిగుతుంది. దిగిన క్షణంలోనే ముక్క ఇవ్వండి. ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు.

‘ఆగు’: కూర్చున్నాక అరచెయ్యి చూపించి ఆ మాట అనండి. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ దగ్గరకొచ్చి ముక్క పెట్టండి. రోజురోజుకీ దూరం పెంచండి.

‘రా’: మెడపట్టీకి పదిహేను అడుగుల తాడు కట్టి, పేరు పెట్టి పిలవండి. వస్తే మెచ్చుకోండి. ఏ తప్పు చేసినా సరే, ‘రా’ అని పిలిచి కొట్టకండి. ఒక్కసారి కొడితే మళ్ళీ పిలిచినప్పుడు రాదు.

‘వదులు’: నోట్లో ఉన్నది బలవంతంగా లాగకండి. అంతకన్నా మంచిది చూపించండి, వదలగానే ఇవ్వండి.

నాలుగిట్లో ఈ చివరిది మనకి ప్రాణావసరం. వరిచేలో ఎలుకలకి జింకు ఫాస్ఫైడు, బ్రోమోడయోలిన్ ఎరలు పెడుతుంటాం. ఆ ఎర తిన్నా, ఎర తిని చచ్చిన ఎలుకని తిన్నా కుక్కకి ముప్పే. బ్రోమోడయోలిన్‌కి విటమిన్ కె1 విరుగుడు ఉంది. జింకు ఫాస్ఫైడుకి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఏది తిన్నా వెంటనే పశువైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళాలి. ఎరలు పెట్టిన రోజుల్లో కుక్కని చేలోకి వదలకపోవడం ఇంకా మంచిది.

ఇంకో మాట. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. తండ్రి ‘ఆగు’, కొడుకు ‘స్టాప్’, ఇల్లాలు ‘ఉండు’ అంటే అది ఎవరి మాట వినాలి? కుక్కకి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. దానికి తెలిసేది శబ్దమే.

‘మాట వినే కుక్క కాపలాకి మెత్తబడిపోదా?’ అని కొందరి అనుమానం. మెత్తబడదు. కాపలా కుక్క పని మొరిగి మనల్ని లేపడం, మనిషిని కరవడం కాదు. రాత్రి అది మొరుగుతుంది, మనం టార్చి పట్టుకుని వస్తాం. వచ్చినవాడు మనవాడైతే ‘ఆగు’ అంటే ఆగుతుంది. అదీ కాపలా.

అయితే ఎంత నేర్పినా టీకాకి బదులు కాదు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన బూస్టరు, ఆపైన ఏటేటా తప్పక వేయించండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగించి వెంటనే ఆసుపత్రికి పంపండి. పసరూ, కారం పూయకండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

పాడిగేదెకి దాణా లెక్క చూస్తాం, రొయ్యకి మేత లెక్క చూస్తాం. రాత్రంతా మన సొత్తు కాసే జీవానికి రోజుకి పదిహేను నిమిషాలు కేటాయించలేమా? ఈ సాయంత్రం ఒక్క ‘రా’తో మొదలుపెట్టండి.