ముందు అద్దాలు, వెనక అంట్లు

హోటల్‌ని కొత్తగా తీర్చిదిద్దడమంటే మన దగ్గర ఒకటే అర్థం: మొహం మార్చడం. ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం పారిశ్రామికవాడ దాకా ఈ కొన్నేళ్ళలో రూపం మారిన చిన్న హోటళ్ళను చూడండి. చేత్తో రాసిన పాత బోర్డు పోయి ఏసీపీ షీట్లు, వెలిగే ఎల్ఈడీ అక్షరాలు, నిలువెత్తు అద్దం వచ్చాయి. లోపల ఫాల్స్ సీలింగు, గోడకి ఇటుకల బొమ్మ కాగితం, ఒక మూల ప్లాస్టిక్ పచ్చిక, అక్కడ నిలబడి ఫోటో దిగడానికి ఒక వెలుగుల బోర్డు. రెండు మడిగెల హోటల్లో ఇన్నిటికి చోటెక్కడిది? చాలాసార్లు అది వంటింట్లోంచి కోసుకున్న చోటే.

ఈ హడావుడికి కారణాలు లేకపోలేదు. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేటకి మెట్రో నడవడం మొదలైంది. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలిలో స్కైవాక్ తెరిచారు. పైనుంచి వెళ్ళే మనిషి కంటికి ఆనాలంటే బోర్డు పెద్దదవాలి, వెలగాలి. పక్కన పెద్ద కంపెనీల హోటళ్ళు వస్తున్నాయి, మడిగె కిరాయి పెరుగుతోంది. చిన్న యజమాని భయం నాకు అర్థమవుతుంది. ఆ భయానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నదే నా ప్రశ్న.

ముందు ఆ పేర్ల సంగతి చూద్దాం. అమ్మమ్మ, అమ్మ చేతి వంట, పల్లె వంటిల్లు... కొత్త బోర్డుల మీద ఎక్కడ చూసినా ఇవే. గోడలకి తిరగలి, రోకలి, ఇత్తడి బిందె వేలాడుతుంటాయి. స్త్రీల రచనల్లో వంటిల్లు గురించి కొన్నేళ్ళు పనిచేసినదాన్ని కాబట్టి ఆ గోడ ముందు కూర్చుని భోంచేయడం నాకు సులువు కాదు. విమల 'వంటిల్లు' కవిత, 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం మన ఇళ్ళలోని చాకిరీ గురించి మాట్లాడిన కాలం ఎంతో దూరంలో లేదు. ఏ రోకలి పోటుతో మన అమ్మమ్మల భుజాలు అరిగిపోయాయో అదే రోకలి ఇప్పుడు అలంకారం. చాకిరీని గోడకెక్కించి, చాకిరీ చేసే మనిషిని సందులోకి నెట్టడాన్ని 'థీమ్' అంటున్నారు.

ఆ సందులోకి వెళ్దాం. పెనం దగ్గర, వడ్డన దగ్గర, గల్లా దగ్గర ఎక్కువగా మగవాళ్ళే కనిపిస్తారు. ఉల్లిపాయలు తరగడం, అంట్లు తోమడం, నేల తుడవడం మాత్రం ఆడవాళ్ళ వంతు. నేను మాట్లాడిన వాళ్ళందరూ దళిత, బహుజన కులాల స్త్రీలే. నాచారంలో కొత్తగా ముస్తాబైన ఒక హోటల్లో అంట్లు తోమే ఆమె నాతో అన్నది: "ఇదివరకు నాలుగ్గొట్టంగ ఆఖరి బల్ల మీద కూసోని చాయ్ తాగెటోళ్ళం మేడం. ఇప్పుడు ముందటికి రావొద్దన్నరు. అద్దంల కనవడ్తమట." ఆ ఆఖరి బల్ల ఉన్న చోటే ఇప్పుడు ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. ఆమె నెత్తి మీద ఉన్న రేకుల నీడ కిందికి జనరేటరు వచ్చింది. ఎండలో, చిన్న పీట మీద, నడుం వంచి ఆమె గిన్నెలు తోముతోంది. ఆ అద్దం ఎవరి కోసం పెట్టారో ఇంతకంటే వేరే రుజువు కావాలా?

చిన్న హోటళ్ళలో ఇంకో స్త్రీ కూడా ఉంటుంది. యజమాని భార్య. తెల్లవారుజామున పిండి కలిపేదీ, చట్నీ రుచి చూసేదీ ఆమె. పొయ్యి ఎత్తు ఎంతుండాలో, పొగ ఎటు పోవాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇంటీరియర్ కాంట్రాక్టరు మాత్రం ఎలివేషన్ బొమ్మలు ఆయనకే చూపిస్తాడు. ఆమెని అడిగితే కర్టెన్ రంగు అడుగుతారు.

"అలా ముస్తాబు చేశాకే కదా ఆడవాళ్ళు ధైర్యంగా వస్తున్నారు" అని ఒక వాదన ఉంది. ఇందులో కొంత నిజం ఉంది. ఇరానీ హోటళ్ళలో పరదాల వెనక ఫ్యామిలీ గదుల్లో కూర్చున్న తరం మనకి తెలుసు. ఆ పరదా పోవడం మంచిదే. కానీ ఒంటరిగా వెళ్ళిన స్త్రీని "ఇంకెవరైనా వస్తారా మేడం?" అని అడగడం పోలేదు. ఆమెని అద్దం పక్కనో, చేతులు కడిగే చోటనో కూర్చోబెట్టడం పోలేదు. బయట ఉండటానికి స్త్రీ ప్రతిసారీ ఏదో ఒక పని చూపించాల్సి రావడం గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో 'వై లాయిటర్' పుస్తకంలో ముంబయిని తీసుకుని వివరంగా రాశారు. ఉప్పల్ దానికి భిన్నం కాదు. వరంగల్ బస్సు కోసం, యాదగిరిగుట్ట బస్సు కోసం గంటసేపు ఎదురుచూసే స్త్రీకి నియాన్ అక్షరాలతో పనిలేదు. గడియ పడే తలుపు, నీళ్ళు, సంచి తగిలించుకోవడానికి ఒక కొక్కెం, మూతున్న చెత్తబుట్ట ఉన్న మరుగుదొడ్డి కావాలి. ప్లానులో ఎప్పుడూ అదే ముందు కుదించుకుపోతుంది.

"చిన్నవాళ్ళం, అంత డబ్బెక్కడిది?" అంటారు. సెల్ఫీ గోడకి దొరికిన డబ్బు నడుం ఎత్తు సింకుకి ఎందుకు దొరకదు? ఫాల్స్ సీలింగు డబ్బులో పొగ లాగే ఫ్యాను రాదా? లైసెన్సు తీసుకునే ఆహార వ్యాపారాలకి వర్తించే 2011 నాటి నిబంధనలు పనిచేసేవాళ్ళలో స్త్రీలకీ పురుషులకీ వేరు వేరు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే చోటు ఉండాలంటున్నాయి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం వేధింపులకి శిక్ష ఏమిటో అందరికీ కనపడేలా పని స్థలంలో రాసి పెట్టాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. ఇన్ని బొమ్మలకి చోటిచ్చిన గోడ మీద ఆ నాలుగు వాక్యాలకి చోటు లేదా?

కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు మరుగుదొడ్డి కోసం, కూర్చునే హక్కు కోసం కలిసి పోరాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలను సవరించి ఆ కుర్చీని హక్కు చేశాయి. ఒక కుర్చీ కోసం చట్టం కావలసి వచ్చిందంటే, మనం కట్టుకునే ప్రతి గదిలోనూ ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో ముందే రాసి ఉందన్నమాట.

కాబట్టి కొలత టేపు వెనక నుంచి మొదలుపెట్టండి. ముందు అంట్లు తోమే చోటికి నీడ, గాలి, నడుం ఎత్తు సింకు, జారని నేల. తర్వాత పనిచేసేవాళ్ళకి కుర్చీ, అన్నం తినే బల్ల. తర్వాత మరుగుదొడ్డి. తర్వాత ఒంటరి మనిషి నిమ్మళంగా కూర్చునే బల్లలు. ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో అక్షరాలు వెలిగించుకోండి, మాకేం అభ్యంతరం లేదు. ప్లాను గీసే రోజున యజమాని భార్యనీ, గిన్నెలు తోమే ఆమెనీ కూర్చోబెట్టి అడగండి. తినడానికి వెళ్ళే మనం కూడా బిల్లు కట్టేముందు, మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని ఒక్కసారి అడుగుదాం. పదిమంది అడిగితే ఆ ప్రశ్నకి కూడా ప్లానులో చోటు దొరుకుతుంది.