ఊరి మీద అభిమానానికి కొలత ఏది?

కాకినాడ వాళ్లెవరైనా హైదరాబాద్ బయల్దేరారంటే సంచిలో కాజా డబ్బా ఉండాల్సిందే. అవతలివాళ్లు గొట్టం కాజా కొరికి, పాకం కారిపోకుండా కింద అరచెయ్యి పెట్టుకుంటారు చూడండి, అప్పుడు తెచ్చినవాళ్ల ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగుకు మార్కులెలా వేస్తాం?

కేంద్రం ఒక ప్రయత్నం చేసింది. 2021 మార్చిలో విడుదలైన సులభ జీవన సూచీలో 111 నగరాలను లెక్కగట్టి, 30 శాతం మార్కులు పౌరుల అభిప్రాయానికే ఇచ్చింది. ఆ అభిప్రాయ సర్వేలో భువనేశ్వర్ మొదట నిలిచింది, మన కాకినాడకూ ముందు వరసలో చోటు దక్కింది. సంతోషమే. బ్రిటన్ ప్రభుత్వమైతే 2030 నాటికి ప్రతి ప్రాంతంలోనూ జనానికి తమ ఊరంటే గర్వం పెరగాలని 2022లో ఏకంగా లక్ష్యమే పెట్టుకుంది. అక్కడా కొలతల్లో ఒకటి ఊరి నడిబొడ్డు మీద జనానికున్న తృప్తే.

తృప్తి వేరు, అభిమానం వేరు. కుళాయి సరిగా వస్తే తృప్తి. రాకపోతే ఖాళీ బిందెతో మునిసిపల్ ఆఫీసు ముందు ఎండలో బైఠాయించిన ఆవిడ సర్వేలో సున్నా వేస్తుంది. ఊరు పట్టని మనిషి అంత దూరం వస్తుందా?

అందుకే మాటలకంటే చేతలు లెక్కపెట్టడం మేలు. వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో జనం మద్యం మానేశారు, పనికో కమిటీ వేసుకున్నారు, ఇంటిపన్ను నూటికి నూరు శాతం కట్టారు. ఆ పన్ను రశీదు కంటే గట్టి సాక్ష్యం నాకు కనబడదు.

అయితే ఏ లెక్కలోనైనా ఒక చిక్కుంది. మనం ‘ఊరూ వాడా’ అంటాం. ఆ మాటలోనే గీత గీసి ఉంది. ఊళ్లోవాళ్లు గుడి గోపురం చూపించి పొంగిపోతుంటే, తాతల్ని ఆ గుడి గడప తొక్కనివ్వని కథలు వాడలో ఇంకా చెప్పుకుంటారు. ఇద్దరి జవాబులూ కలిపి సగటు తీస్తే ఆ గీత కాగితం మీద మాయమవుతుంది, నేల మీద అలాగే ఉంటుంది.

తెలుగువాడు ఒంటరిగా ఉన్నా ‘నా ఊరు’ అనడు, ‘మా ఊరు’ అంటాడు. ఆ ‘మా’లో ఎవరెవరున్నారు? సర్వే పత్రంలో మొదటి ప్రశ్న ఇదే కావాలి. అడగడం వాడ నుంచే మొదలుపెట్టాలి.