పేరుకే ట్రీ అయితే ఎలా?

బైనరీ సెర్చ్ ట్రీలో వెతకడానికి ఎంత టైమ్ పడుతుందని ఇంటర్వ్యూలో అడిగితే మనోళ్లు టక్కున ‘లాగ్ ఎన్’ అనేస్తారు. అది సగం జవాబే. హాల్‌టికెట్ నంబర్లను 1, 2, 3 అంటూ వరుసగా ఇన్సర్ట్ చేసి చూడండి. ప్రతి నోడూ కుడివైపుకే పోతుంది. కొమ్మల్లేని తాటిచెట్టే! పేరుకే ట్రీ, నిజానికి లింక్డ్ లిస్ట్. 10 లక్షల నంబర్లుంటే, 20 పోలికల్లో తేలాల్సిన పనికి 10 లక్షల పోలికలు పట్టొచ్చు.

దీనికి మందు 1962లోనే దొరికింది. సోవియట్ శాస్త్రవేత్తలు అడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్‌ల ఏవీఎల్ ట్రీలో ఏ నోడ్ దగ్గరైనా ఎడమ, కుడి ఎత్తుల తేడా 1 దాటితే రొటేషన్‌తో సరిచేస్తారు. అప్పుడు అదే 10 లక్షలకు మహా అయితే 28 పోలికలు. మన కాలేజీల్లో ఈ రొటేషన్లను మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు, ఎందుకో మాత్రం చెప్పరు. జావా ట్రీమ్యాప్‌లో ఈ పని రెడ్-బ్లాక్ ట్రీ చేసిపెడుతుంది కాబట్టి ఉద్యోగంలో సొంతంగా రాయాల్సిన అవసరం తక్కువే. కానీ ‘డేటా వరుసగా వస్తే?’ అనే రెండో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

ఈ వారం 20 వేల నంబర్లను మామూలు ట్రీలో ఒకసారి వరుసగా, ఇంకోసారి కలగాపులగంగా వేసి టైమ్ కొలవండి. లూప్‌తోనే రాయండి, రికర్షన్ అయితే ప్రోగ్రామ్ మధ్యలోనే కూలిపోవచ్చు.