రాకెట్ కబుర్లకు సరైన సరుకు కావాలి

మా సూళ్లూరుపేటలో రాకెట్ గురించి మాట్లాడని మనిషి ఉండడు. పులికాట్ మీదుగా వేసిన రోడ్డు పట్టుకుని పోతే రాకెట్లు ఎగిరే షార్ కేంద్రం గేటు వస్తుంది. ప్రయోగం ఉన్న రోజు కూరగాయల బజారులో బేరానికి ముందు "ఇంగ ఎంతసేపుందంట?" అన్న ప్రశ్న వినబడుతుంది. వేటకు పోవద్దని ముందే చెప్పి ఉంటారు కాబట్టి జాలర్లు కూడా ఆ రోజు ఒడ్డునే ఉంటారు. మిద్దెల మీదంతా పిల్లలు. నింగిలో నిప్పు కనబడిన కాసేపటికి గానీ మోత మా దాకా రాదు. వచ్చాక కిటికీ రెక్కలు అదురుతాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులు టీ కొట్ల దగ్గరా ఫోన్లలోనూ అదే చర్చ. ఉపగ్రహం దేనికి పనికొస్తుంది, దాని బరువెంత, అమెరికావాళ్ల రాకెట్ తిరిగొచ్చి నిలువునా దిగుతుంటే మనది ఎందుకు దిగదు!

ఇవన్నీ ఊసుపోక చెప్పుకునే కబుర్లని తీసిపారేసే చదువుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, నేను వాళ్లతో ఏకీభవించను. క్లాసులో వేగం, త్వరణం అంటే ఆవులించిన పిల్లలే పెద్దవాళ్లయ్యాక, మార్కులు లేవు, పరీక్ష లేదు, అయినా దారిలో నన్ను ఆపి కక్ష్య గురించి అడుగుతున్నారు. విజ్ఞాన ప్రచారం అంటే ఇంతకు మించి ఏముంటుంది? 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కి చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. ఆకలి అంత ఉంది. పెట్టేవాళ్లే చాలడం లేదు. జనం తప్పుగా మాట్లాడుకుంటున్నారంటే, వాళ్ల చేతికి అందిన సమాచారం అంతంతమాత్రం కాబట్టి. ఆ లోటు తీర్చాల్సిన బాధ్యత మొదట ఇస్రోది, ఆ తర్వాత నాలాంటి సైన్సు చదివినవాళ్లది.

సమాచారం చేతికొస్తే మాట ఎంత దూరం పోతుందో చెబుతాను. మా వీధిలో బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. నా దగ్గర చదివినవాడే, పదో తరగతితో ఆపేశాడు. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం దెబ్బతిన్నప్పుడు అతను చాలా బాధపడ్డాడు. ఆ రాకెట్‌లో దేశంలోని 75 పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి చేసిన ఆజాదీశాట్ ఉపగ్రహం ఉంది మరి. మూడు దశలూ బాగానే మండాయి, ఉపగ్రహాలు మాత్రం పోయాయి. ఎట్లా పోయాయి? కుట్ర అన్నారు కొందరు. ముహూర్తం కుదరలేదన్నారు ఇంకొందరు.

తర్వాత ఇస్రో అసలు సంగతి వివరంగా బయటపెట్టింది. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన అదురు, లెక్క వేసుకున్నదానికన్నా ఎక్కువగా ఉంది. వేగంలో వచ్చే మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు ఆ అదురుకు కొద్ది క్షణాలపాటు తమ కొలత హద్దును దాటిపోయాయి. వాటిని కనిపెట్టుకుని ఉన్న కంప్యూటర్, సెన్సర్లు చెడిపోయాయని తేల్చేసి, వాటిని పక్కనపెట్టి ఆపద్ధర్మంగా ముందే రాసిపెట్టిన దారిలో రాకెట్‌ను నడిపించింది. వేగం కాస్త తగ్గింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో తిరగాల్సిన ఉపగ్రహాలు, ఒక కొసన 76 కిలోమీటర్ల దాకా కిందికి వచ్చే కోలగా ఉన్న కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల దగ్గర గాలి పలచగానే అయినా ఉంటుంది. అంత వేగంతో వచ్చే ఉపగ్రహం దాని రాపిడికి నిలవదు.

ఇదంతా విని మా మెకానిక్ అన్న మాట ఇది. "అంటే సెన్సరు బాగానే ఉండాది టీచరమ్మా. ఒక్క కుదుపుకే అది పోయిందని కంప్యూటరు అనుకునింది. మా స్టార్టరు పెట్టెలోనూ ఇదే తంటా. మోటారు లేచేటప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుద్ది. ఆ కాసేపు రిలే ఓర్చుకోకపోతే మంచి మోటార్ని కూడా ఆపేస్తుంది. ఓర్చుకునేట్టు టైము పెట్టాల."

2023 ఫిబ్రవరి 10న జరిగిన రెండో ప్రయోగానికి ముందు ఇస్రో చేసిన మార్పుల్లో, దశను విడదీసే ఏర్పాటును మార్చడంతోపాటు, సెన్సర్లను తొందరపడి తప్పించకుండా ఆ తర్కాన్ని సరిదిద్దడం కూడా ఉంది. ఆ ప్రయోగం గెలిచింది, ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది. బోరు మెకానిక్‌కు తట్టిందీ, రాకెట్ ఇంజనీర్లు చేసిందీ ఒకే ఆలోచన. కారణం చెప్పారు కాబట్టే అది సాధ్యమైంది. చెప్పకపోయుంటే ముహూర్తం దగ్గరే ఆగిపోయేవాళ్లం. (ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు చెంగాళమ్మ గుడికి వెళ్లడం మీద ప్రతిసారీ జరిగే వాదనలోకి నేను దిగను. అది తెగేది కాదు, రాకెట్ గురించి కొత్తగా నేర్పేదీ ఏమీ లేదు.)

భయం పుట్టించే వార్త అయినా అంతే. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు 2024 వైఆర్4 అనే చిన్న గ్రహశకలాన్ని కనిపెట్టింది. అది 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొనే అవకాశం 1 శాతం అన్నారు మొదట. 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి పెరిగింది. పాల కేంద్రం దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "2032లో మనవడి పెళ్లి చెయ్యాల, అంతదాకా ఉంటామా టీచరమ్మా?" అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో నవ్వాల్సిందేమీ లేదు. అంకె పెరుగుతూ పోతే ఎవరికైనా గుబులే.

ఆమెకు ఇలా చెప్పాను. ఆ రాయి ఎక్కడ దాటుతుందో కచ్చితంగా తెలియదు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా ఎక్కడైనా దాటవచ్చని ఒక పొడవాటి పట్టీ గీసుకుంటారు. భూమి ఆ పట్టీలో ఒక మూల ఉంది. రోజూ కొత్త కొలతలు వచ్చేకొద్దీ పట్టీ పొట్టిదవుతుంది. భూమి ఇంకా పట్టీలోనే ఉంటే, పట్టీలో భూమి వంతు పెరుగుతుంది, శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంకాస్త పొట్టిదై పట్టీ అంచు భూమిని వదిలేసిన రోజున శాతం ఒక్కసారిగా పడిపోతుంది. ఫిబ్రవరి నెలాఖరుకు అదే జరిగింది, అవకాశం దాదాపు సున్నాకు వచ్చింది. ఆ అంకెలను నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థ ఎప్పటికప్పుడు అందరికీ కనబడేట్టు పెట్టాయి. పెరిగిన రోజు దాచలేదు. అందుకే తగ్గిన రోజు జనం నమ్మారు.

దానికి ఎదురుగా ఆగస్టు 27 సందేశాన్ని చూడండి. ఆ రాత్రి అంగారకుడు పున్నమి చంద్రుడంత కనిపిస్తాడని ఏటా ఫోన్లలో తిరుగుతుంది. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి సుమారు 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చిన మాట నిజమే, వేల ఏళ్లలో అంత దగ్గరికి రాలేదు. 75 రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనబడేంత ఉంటాడని ఎవరో రాశారు. చేతులు మారేకొద్దీ టెలిస్కోపు జారిపోయింది, సంవత్సరమూ జారిపోయింది. ఇన్నేళ్లుగా అది బతికుందంటే, చూసిన సైన్సు పట్టభద్రులు "చదువురాని జనం" అని ముఖం తిప్పుకుని పోవడమే కారణం. రెండు వాక్యాల్లో తెలుగులో జవాబు రాసేవాళ్లు ప్రతి బంధువర్గంలో ఒక్కరున్నా అది ఎప్పుడో ఆగిపోయేది. చంద్రయాన్-3 దక్షిణ ధ్రువం మీదే దిగిందని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లకు, దిగిన చోటు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, ధ్రువం అక్కడికి 600 కిలోమీటర్లకు పైనే అని మర్యాదగా చెబితే ఎవరూ నొచ్చుకోరు. నన్ను ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు.

ఇక నన్ను నిజంగా బాధపెడుతున్న విషయానికి వస్తాను.

2025 మే 18, ఆదివారం తెల్లవారుజామున 5.59కి పీఎస్‌ఎల్‌వీ సీ61 ఈఓఎస్-09 ఉపగ్రహంతో లేచింది. రెండు దశలు సవ్యంగా నడిచాయి. ఘన ఇంధనంతో మండే మూడో దశలో మోటారు గదిలో ఒత్తిడి పడిపోయిందని, ప్రయోగం నెరవేరలేదని ఛైర్మన్ వి. నారాయణన్ గారు వెంటనే చెప్పారు. అంతవరకు మెచ్చుకోవాలి. కానీ ఒత్తిడి ఎందుకు పడిపోయింది? పరిశీలనకు కమిటీ వేశారు. 2026 జనవరి 12న తర్వాతి పీఎస్‌ఎల్‌వీ సీ62 ఎగిరే నాటికి కూడా ఆ నివేదిక జనం ముందుకు రాలేదు. ఆ రాకెట్ కూడా మూడో దశ చివరలోనే గతి తప్పింది. ఈఓఎస్-ఎన్1తోపాటు వెళ్లిన చిన్న ఉపగ్రహాలూ పోయాయి, వాటిలో మన హైదరాబాద్ సంస్థలు కట్టుకున్నవీ ఉన్నాయి.

వరుసగా రెండుసార్లు, రెండుసార్లూ మూడో దశలోనే. మా ఊళ్లో దాని గురించి ఏం మాట్లాడుకుంటారు? లోపలివాళ్లే ఏదో చేశారట, విదేశాల హస్తమట, నాసిరకం సామాను కొన్నారట. మా మెకానిక్ నన్ను అడిగాడు, "మళ్లీ ఆడనే ఎందుకు పోయిందమ్మా?" ఎస్‌ఎస్‌ఎల్‌వీ విషయంలో పావుగంట వివరించినదాన్ని, ఈసారి అతని ముందు పెట్టడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

ఈఓఎస్-09, ఈఓఎస్-ఎన్1 దేశ రక్షణకు పనికొచ్చే ఉపగ్రహాలు, అన్నీ బయట చెప్పలేరు అనేవాళ్లున్నారు. ఉపగ్రహంలో ఏ కెమెరా ఉంది, దేన్ని చూస్తుంది అన్నది దాచుకోండి, ఎవరూ అడగరు. మూడో దశ మోటారు ఎందుకు మొరాయించిందో చెప్పడానికి దాంతో పని లేదు. పైగా వైఫల్యానికి కారణం బయటపెట్టే అలవాటు ఇస్రోకు కొత్త కాదు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ ఎఫ్10 పోయినప్పుడు, ఒక కవాటం దగ్గర లీకు వల్ల ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి తగ్గి క్రయోజెనిక్ ఇంజన్ రాజుకోలేదని అందరికీ తెలియజేసింది. 1979లో ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడినప్పుడు పత్రికల ముందు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ బాధ్యత తన మీద వేసుకుని ఎలా నిలబడ్డారో అబ్దుల్ కలాం గారు చెప్పిన కథ తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. షార్‌కు పెట్టుకున్నది ఆయన పేరే.

కల్పనా చావ్లా ప్రాణాలు తీసిన కొలంబియా ప్రమాదం 2003 ఫిబ్రవరి 1న జరిగింది. అదే ఏడాది ఆగస్టులో విచారణ నివేదిక బయటకొచ్చింది. నింగికి లేచిన 82 సెకన్లకు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగలడం దగ్గర అది ఆగలేదు. నాసా నడిచే తీరు కూడా అంతే కారణమని నిర్మొహమాటంగా రాసింది. ఎవరైనా చదువుకోవచ్చు. నాసా పరువు దాంతో మట్టికొట్టుకుపోలేదు.

సీ62తో ఉపగ్రహాలు పంపినవాళ్లు తమ కష్టాన్ని పోగొట్టుకున్నవాళ్లు. రాకెట్ ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు వాళ్లకు మనందరికన్నా ముందుంది. పన్ను కట్టే, కూరగాయలు అమ్ముకునే మనిషికీ ఉంది.

ఇస్రో ఛైర్మన్ గారికి ఈ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. సీ61, సీ62 వైఫల్య నివేదికల్లో రక్షణకు సంబంధించిన భాగాలు తీసేసి మిగతాది విడుదల చేయండి. ఇంగ్లిష్, హిందీలతోపాటు తెలుగులో కూడా రెండు పేజీలు రాయించండి. రాకెట్ లేచేది తెలుగు నేల మీద నుంచి. ఆ రెండు పేజీలు మా ఊరి టీ కొట్టులో గోడకు అంటించే పని నేను చూసుకుంటాను.