అణువుకు వెలుతురు కళ్ళెం

ఎండలో కాసేపు నిలిస్తే ఒళ్ళు చురుక్కుమంటుంది. వెలుతురు పని వేడి పుట్టించడమేనని మనకు తోచడం సహజం. కాని అదే వెలుతురుతో పదార్థాన్ని చల్లార్చవచ్చునని, అదీ సున్న సెంటిగ్రేడుకు 273 డిగ్రీల దిగువనున్న పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి చేరువ వరకు చల్లార్చవచ్చునని భౌతిక శాస్త్రజ్ఞులు నిరూపించారు.

వేడి అంటే అణువుల పరుగే. మన గదిలోని గాలి అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంటాయి. ఆ పరుగు మందగిస్తే అదే చల్లదనం. కాంతికి బరువు లేకపోయినా, తాకిన వస్తువును రవంత నెట్టే గుణం దానికి ఉంది. తోకచుక్క తోకను సూర్యునికి దూరంగా తోసేది సూర్యకిరణాలేనని 1619లోనే కెప్లర్ ఊహించాడు. ధూళితో ఏర్పడే తోక విషయంలో ఆ ఊహ నిజమే.

పరుగెత్తి వచ్చే కణానికి ఎదురుగా తగిన రంగు లేజర్ కిరణాన్ని ప్రసరింపజేశామనుకోండి. కణం ఒక్కొక్క ఫోటాన్‌ను మింగి, తిరిగి వెలిగ్రక్కుతుంది. మింగినప్పుడల్లా తగిలే తోపు ఎదురుదిశలోనే ఉంటుంది. వెలిగ్రక్కినప్పటి తోపులు తలా ఒక దిక్కున పోతాయి గనుక చెల్లుకు చెల్లు. ఇట్లా పరమాణువులను చల్లార్చి బంధించే పద్ధతులకు స్టీవెన్ చూ, క్లాడ్ కోయెన్-తనూజీ, విలియం ఫిలిప్స్‌లకు 1997లో నోబెల్ బహుమతి లభించింది.

అణువు దగ్గరికి వచ్చేసరికి ఈ ఉపాయం సాగలేదు. పరమాణువు ఒంటరి. అణువులోనో, జతకట్టిన పరమాణువులు గిరగిర తిరుగుతాయి, స్ప్రింగుకు తగిలించిన గుండ్లవలె కంపిస్తాయి. ఫోటాన్‌ను వెలిగ్రక్కిన అణువు పూర్వస్థితికి రాక, వేరొక కంపనస్థితిలోకి జారిపోవచ్చు. ఇక ఆ లేజర్ వెలుగు దానికి అంటదు. స్ట్రాన్షియం ఫ్లోరైడ్ అణువునే తీసుకోండి. ఒక్క ఫోటాన్ దాని వేగాన్ని సెకనుకు 5.6 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గించగలదు. సెకనుకు 140 మీటర్ల వేగంతో వచ్చే అణువును నిలపాలంటే 25,000 ఫోటాన్లు కావాలి. కాని నూటికి సుమారు రెండుసార్లు అది దారి తప్పుతుంది. అంటే సగటున 50 ఫోటాన్లకే చేజారిపోతుంది!

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెమిల్ బృందం ఈ చిక్కును విప్పింది. భ్రమణం తెచ్చే ఇబ్బందిని తగిన స్థితిని ఎన్నుకొని తప్పించారు. కంపనాల వల్ల దారి తప్పిన అణువులను వెనుకకు మళ్ళించడానికి మరి రెండు లేజర్లను కాపలా పెట్టారు. మూడింటిదీ ఎర్రని వెలుగే. దానితో ఒక్కొక్క అణువు దాదాపు లక్ష ఫోటాన్లను ఇచ్చిపుచ్చుకోగలదు. అణుపుంజం పక్కలకు చెదరకుండా చల్లార్చినట్లు 2010లో ప్రకటించారు. 2014లో అయస్కాంత క్షేత్రాన్ని తోడు చేసుకొని, అణువులను పరమశూన్యానికి డిగ్రీలో వెయ్యింట రెండున్నర వంతుల పైన పట్టి నిలిపారు.

రసాయనిక చర్య అనేది ఇంతవరకు మనకు సంతలో తొక్కిసలాట వంటిది. ఎవరు ఎవరిని ఎట్లా తాకారో తెలియదు, ఫలితమే తెలుస్తుంది. నిదానించిన అణువులలో ఆ కలయికను ఒక్కొక్కటిగా పరిశీలించే వీలు కలుగుతుంది. ఇంతటి పనిని సాధించినది లేజర్ల తీక్ష్ణత మాత్రమే కాదు. దారి తప్పిన ప్రతి అణువుకూ తిరిగి వచ్చే దారి ఒకటి తెరచి ఉంచడం.