పుట్టకు పాలు, వీధికి చీకటి

నాగుల చవితి కార్తీకంలో ఎందుకొస్తుందో పురాణం ఒక కథ చెబుతుంది. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిని అడిగితే ఇంకో కథ చెబుతుంది. ఎండలకు నెర్రెలిచ్చిన రేగడి వానలకు ఉబ్బి మూసుకుపోతుంది. నెర్రెల్లో కాపురమున్న ఎలుకలు మెరక వెతుక్కుంటాయి: చేలగట్టు, గడ్డివాము, బడి వెనక పెంటకుప్ప, రచ్చబండ కింద రాళ్లసందు. ఎలుకల వెనకే పాము. మన వైపు వానలు కార్తీకం దాకా సాగుతాయి. పత్తితీతకు పోయిన ఆడవాళ్లు అప్పుడే డొంకదారిన ఇళ్లకు మళ్లుతారు, ఆరింటికల్లా చీకటి పడుతుంది. కాబట్టి పామంటే భయపడటం మూఢనమ్మకం కాదు. భయపడి చేసే పనుల్లోనే ఉంది మూఢత్వమంతా.

ఏం చేస్తున్నాం? పుట్టలో పాలు పోసి, కోడిగుడ్డు వేసి, చిమ్మిలి, చలిమిడి పెడుతున్నాం. పుట్ట కట్టింది చెదపురుగులు. పాముకు పాలు ఆహారం కాదు. అది తినేది ఎలుకల్ని, కప్పల్ని. చలిమిడి మాత్రం ఎలుకలకు ఇష్టమే. అంటే ఊరి చివర మనం విందు చేస్తున్నది పాముకు కాదు, పాము తిండికి! అదీ చెప్పులు విడిచి, తడిగడ్డిలో నిలబడి. ఆ నెలలోనే అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్లు తెల్లవారకముందే, మళ్లీ సందెవేళ, వట్టికాళ్లతో గుడికి నడుస్తారు. టార్చిలైటు పట్టుకుంటే దీక్ష చెడదని గురుస్వాములు ఒక్కమాట చెబితే చాలు.

ఇదంతా చదువులేనివాళ్ల అమాయకత్వం అనుకునేవాళ్లు 2018 ఆగస్టును గుర్తుచేసుకోవాలి. రేపల్లె దగ్గర పెనుమూడి వంతెన దాటితే దివిసీమ. అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు పెరిగి జనం హడలిపోతే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో ప్రభుత్వమే సర్పయాగం చేయించింది. ఆసుపత్రిలో సూదిమందు, గుడిలో హోమం. కాట్లు తగ్గాక పేరు దేనికి వస్తుందో వేరే చెప్పాలా?

మంత్రగాడి పేరు కూడా ఇలా వచ్చిందే. జెర్రిపోతుకూ నీరుకట్టెకూ మనిషిని చంపే విషం లేదు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ మంత్రం నూటికి నూరుపాళ్లు పనిచేస్తుంది. వేయకపోయినా అంతే పనిచేస్తుంది. బతికినవాళ్లు ఊరూరా చెప్పుకుంటారు. పోయినవాళ్లు చెప్పలేరు, వాళ్ల తరఫువాళ్లు ‘ఆయుష్షు తీరింది’ అంటారు.

కట్లపాము దగ్గర ఈ ఆట సాగదు. గుడి అరుగు మీదో బడి వరండాలోనో నేలన పడుకున్న వలస కూలీని అది రాత్రివేళ కరుస్తుంది. నొప్పి తెలియదు, వాపు ఉండదు. కడుపునొప్పితో లేస్తాడు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి అందదు. మన ఊళ్లలో అప్పుడు చేసే పరీక్ష తెలుసుగా: వేపాకు నమిలించి చేదుందా అని, మిరపకాయ కొరికించి మంటగా ఉందా అని అడగడం. ‘అబ్బో, మంట’ అన్నాడంటే విషం ఎక్కలేదని తీర్పు! ఆ విషం దెబ్బతీసేది నరానికీ కండకూ మధ్య లంకెను. నాలుక రుచిని కాదు. ఊపిరి ఆగిపోయే ముందు కూడా గుంటూరు మిరప మండుతుంది. రక్తపింజరి కాటుకు ఆసుపత్రిలో ఇంకో పరీక్ష చేస్తారు. పొడి గాజుగొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విరుగుడు మొదలుపెడతారు. దీనికి ఉపవాసం అక్కర్లేదు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలని ఒక పెద్ద అధ్యయనం అంచనా. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. బాగానే ఉంది. ఆ ప్రణాళిక మన రచ్చబండ దాకా రావాలి కదా.

వినాయక పందిరికి ఇంటింటా చందా వసూలు చేసి వీధి పొడుగునా సీరియల్ లైట్లు కడతాం. నిమజ్జనం మర్నాడు విప్పేస్తాం. పాము భయం ఇంకా తీరని కార్తీకంలో వీధి చీకటి. ఆ చందాలో మిగిలినదాంతో రచ్చబండ దగ్గర, డొంక మలుపులో రెండు బల్బులు వేయించొచ్చు, పెంటకుప్పను ఊరవతలికి తోలించొచ్చు, అరుగుల మీద పడుకునే కూలీలకు దోమతెరలు కొనొచ్చు. తెర అంచును పక్క కిందికి దోపితే కట్లపాము లోపలికి రాలేదు. అసలు వీధి దీపాలు, పారిశుధ్యం పంచాయతీ బాధ్యతలు. గ్రామసభలో ఆ మాట అడిగేవాడు నాస్తికుడే అయి ఉండనక్కర్లేదు.

ఈ చవితికి పుట్ట దగ్గరికి వెళ్లేవాళ్లు వెళ్లండి. అంతకుముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పాము విషం విరుగుడు ఎన్ని వైల్స్ ఉన్నాయో, రాత్రిపూట ఎవరు ఉంటారో అడిగి రండి. ఒక్క మనిషికి మొదటి విడతకే పది దాకా పట్టొచ్చు. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, మిరపకాయ కొరికించొద్దు. కాలు కదలనీయకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.